ఎన్ని గంటలైంది?

1940 ఏప్రిల్ 18 సాయంత్రం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, ఆస్వెగో కౌంటీ, లైకమింగ్ అనే పల్లె. చర్చిలో సామూహిక భోజనాలు పెట్టారు. 80 మంది వచ్చారు. పంది మాంసం, పాలకూర, బంగాళాదుంప ముద్ద, క్యాబేజీ సలాడ్, రొట్టెలు, కేకులు, కాఫీ, రెండు రకాల ఐస్‌క్రీమ్. చాలావరకు ఊరివాళ్లే ఇళ్లలో వండి తెచ్చినవి. ఆ రాత్రే ఒకరి తర్వాత ఒకరికి వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలయ్యాయి.

ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి 75 మందిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. అందులో జబ్బు పడినవాళ్లు 46 మంది. దేనివల్ల? అందరి వేలూ మాంసం వైపే పోవడం సహజం. కానీ వాళ్లు అనుమానాలు రాసుకోలేదు, లెక్క రాసుకున్నారు. మాంసం తిన్నవాళ్లలో 63 శాతం మందికి జబ్బు చేసింది, ముట్టనివాళ్లలో 59 శాతం మందికి చేసింది. తిన్నా తినకపోయినా ఒకటే అన్నమాట. వెనిలా ఐస్‌క్రీమ్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోయింది. తిన్న 54 మందిలో 43 మంది పడిపోయారు, అంటే 80 శాతం. తినని 21 మందిలో ముగ్గురే, 14 శాతం.

ఇంకొంచెం తవ్వితే అసలు సంగతి బయటపడింది. ముందురోజు మధ్యాహ్నం పాలు, గుడ్లు, చక్కెర, పిండి కలిపి కాచారు. సాయంత్రం 6 గంటలకు ఆ మిశ్రమాన్ని చర్చి నేలమాళిగలో మూత పెట్టి ఉంచారు. రాత్రంతా అక్కడే ఉంది. మర్నాడు వెనిలా కలిపి గడ్డకట్టించారు. తయారు చేసిన అక్కాచెల్లెళ్లలో ఒకరి ముక్కులోంచి తీసిన నమూనాలో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా దొరికింది. ఐస్‌క్రీమ్‌లోనూ అదే. తిన్న సగటున 4 గంటలకు జబ్బు చేసింది, 24 నుంచి 30 గంటల్లో అందరూ కోలుకున్నారు. ఎవరూ చనిపోలేదు. ప్రజారోగ్య విద్యార్థులకు ఈ కేసును ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

ఈ కథలో ఎక్కడా పాచి వాసన లేదు, రుచి తేడా లేదు, మురికి గిన్నె లేదు. ఉన్నదల్లా గంటలు. ఆహారంతో వచ్చే బ్యాక్టీరియా జబ్బుల్లో మూడు ప్రశ్నలు అడిగితే చాలావరకు దారి దొరుకుతుందని నా గట్టి నమ్మకం. పొయ్యి మీంచి దించి ఎన్ని గంటలైంది? తిన్న ఎన్ని గంటలకు జబ్బు మొదలైంది? రోగి చివరిసారి మూత్రానికి వెళ్లి ఎన్ని గంటలైంది? మొదటిది జబ్బును ఆపుతుంది, రెండోది కారణాన్ని పట్టిస్తుంది, మూడోది ప్రాణం కాపాడుతుంది. మన ఇళ్లలో ఈ మూడూ అడగం. వాసన చూస్తాం, ఆఖరున తిన్నదాన్ని తిడతాం, మెడికల్ షాపుకు పరుగెడతాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారు. ప్రతి 10 మందిలో దాదాపు ఒకరు. 4.2 లక్షల మంది చనిపోతున్నారు. వాళ్లలో 1.25 లక్షల మంది 5 ఏళ్లలోపు పిల్లలు. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలోనే 15 కోట్ల జబ్బులు, 1.75 లక్షల మరణాలు. ఈ మొత్తంలో వైరస్‌లు, పురుగులు, విష రసాయనాల వాటా కూడా ఉంది. కానీ వంటింట్లో మన చేతుల్లో ఎక్కువగా ఉన్నది బ్యాక్టీరియా సంగతే. ఎందుకంటే వైరస్ తిండిలో పెరగదు, బ్యాక్టీరియా పెరుగుతుంది. పెరగడానికి దానికి సమయం కావాలి. ఆ సమయాన్ని ఇచ్చేదీ మనమే, ఇవ్వకుండా ఆపగలిగేదీ మనమే.

20 నిమిషాల లెక్క

తేమ, పోషకాలు, వెచ్చదనం కుదిరితే చాలా రకాల బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక గిన్నెలో 100 ఉన్నాయనుకుందాం. గంటకు 800. రెండు గంటలకు 6,400. నాలుగు గంటలకు 4 లక్షలు దాటుతాయి. ఆరు గంటలకు 2.6 కోట్లు. ఎనిమిది గంటలకు 167 కోట్లు. నిజ జీవితంలో మొదట కొంతసేపు అవి కుదురుకోవడానికి పడుతుంది, చివర్లో తిండి చాలక వేగం తగ్గుతుంది, కాబట్టి అంకెలు ఇంత నిక్కచ్చిగా ఉండవు. కానీ ఈ వరస ఒక విషయం చెబుతుంది. మొదటి రెండు గంటల్లో పెద్దగా ఏమీ జరగదు. ఆ తర్వాత జరిగేదంతా చాలా వేగంగా జరుగుతుంది. వండిన తిండిని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచొద్దు అనే నియమం అక్కడి నుంచే వచ్చింది.

5 డిగ్రీల సెల్సియస్‌కీ 60 డిగ్రీలకీ మధ్యనున్నది ప్రమాదపు మేర. 60కి పైన వేడిగా ఉంచితే పెరుగుదల ఆగుతుంది, 5కి దిగువన దాదాపు ఆగుతుంది. ఆ మధ్యలోనూ మన ఒంటి వేడి, 37 డిగ్రీల చుట్టుపక్కలంటే చాలా వాటికి పండగే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వంటగది ఎంత వేడిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చలిదేశాల్లో రాసిన 2 గంటల నియమాన్ని, వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటకు కుదించుకోమని అమెరికా ఆరోగ్య సంస్థలే చెబుతాయి. మనకు ఏడాదిలో సగం రోజులు గంట నియమమే వర్తిస్తుంది.

ముక్కు ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే తేలుతుంది. పప్పు పాచిపోయిందని, చారు పులిసిపోయిందని మనకు తెలిపేవి వేరే సూక్ష్మజీవులు. అవి తిండిని పాడు చేస్తాయి, వాసన పుట్టిస్తాయి, కానీ మనిషిని అంతగా పడగొట్టవు. మనిషిని పడగొట్టేవి చాలాసార్లు వాసనే పుట్టించవు. పాచి వాసన వస్తే పారేయాలి, సందేహం లేదు. రాకపోతే మంచిదని అనుకోవడమే తప్పు.

ఫ్రిజ్ గురించి ఒక మాట. లోపల తిప్పే మీట మీద 1 నుంచి 7 దాకా ఉండే అంకెలు డిగ్రీలు కావు, చల్లదనం స్థాయులు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. ఎండాకాలంలో గంటకు పదిసార్లు తలుపు తీసే ఇంట్లో అది నిజంగా 5 డిగ్రీలకు దిగుతోందో లేదో ఒక చిన్న థర్మామీటరు లోపల పెడితేగానీ తెలియదు. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంటే లోపలి చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. అంతకు మించితే పాలు, మాంసం, వండిన కూరలు వదులుకోవాల్సిందే.

మళ్లీ మరిగిస్తే సరిపోతుందా?

మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. ఉదయం కూరను రాత్రి కుతకుతలాడే దాకా వేడి చేస్తే ఏమున్నా చస్తుందని. సగం నిజం. 70 డిగ్రీల వేడి గిన్నె మధ్యదాకా చేరి 2 నిమిషాలు నిలిస్తే లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా పదిలక్షో వంతుకు తగ్గిపోతుంది. సాల్మొనెల్లా, ఈ-కొలై కూడా ఆ వేడికి నిలవవు. కానీ రెండు విషయాలు మిగులుతాయి.

మొదటిది విషం. స్టాఫిలోకాకస్ తిండిలో పెరిగేటప్పుడే విషాన్ని వదులుతుంది. బ్యాక్టీరియా చచ్చినా ఆ విషం అలాగే ఉంటుంది, నీళ్లు మరిగే వేడిలో అరగంట ఉంచినా పూర్తిగా పోదు. ఒక గ్రాములో పదిలక్షో వంతు కన్నా తక్కువ మోతాదు చాలు మనిషిని వాంతులతో కూలదోయడానికి. జపాన్‌లో 2000 సంవత్సరంలో ఇది భయంకరంగా రుజువైంది. హొక్కైడోలోని ఒక పాలపొడి ఫ్యాక్టరీలో మార్చి 31న సుమారు 3 గంటలు కరెంటు పోయింది. వెన్న తీసిన పాలు వెచ్చగా నిలిచిపోయాయి, అందులో స్టాఫిలోకాకస్ పెరిగింది. తర్వాత ఆ పాలను వేడి చేసి పొడి చేశారు. పరీక్షల్లో బతికున్న బ్యాక్టీరియా కనిపించలేదు. ఆ పొడి ఒసాకాలో తక్కువ కొవ్వు పాలలో కలిసింది. జూన్ చివర్లో మొదలై 13 వేల మందికి పైగా జబ్బు పడ్డారు.

రెండోది బీజాలు. బాసిల్లస్ సీరియస్ అనే మట్టి బ్యాక్టీరియా బియ్యం గింజల మీద సహజంగానే ఉంటుంది. ప్రతికూల పరిస్థితి వస్తే గట్టి పెంకు కట్టుకున్న బీజంగా మారుతుంది. అన్నం ఉడికే వేడికి ఆ బీజం చావదు, సరికదా నిద్రలేస్తుంది. అన్నం గోరువెచ్చగా చల్లారుతున్నప్పుడు మొలకెత్తి పెరుగుతుంది, ఒక విషం వదులుతుంది. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉడికించినా నిలుస్తుంది. ఇంట్లో ఏ కుక్కరూ దాన్ని పోగొట్టలేదు. 1970ల్లో ఇంగ్లండ్‌లో చైనీస్ హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిని వాంతులు చేసుకున్నవాళ్ల ద్వారా ఇది వెలుగులోకి వచ్చింది. ముందురోజు అన్నాన్ని బయట కుప్పగా ఉంచి, మర్నాడు పెద్ద మంట మీద వేయించేవారు. మంట ఎంత పెద్దదైనా ప్రయోజనం లేకపోయింది. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున పోపన్నం చేసుకునే ఇళ్లన్నీ ఇది గుర్తుంచుకోవాలి. తప్పు పోపన్నంలో లేదు, రాత్రంతా స్టవ్ పక్కన ఉన్న గిన్నెలో ఉంది.

ఇక పెళ్లి బిర్యానీ. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు పెద్ద పాత్రల్లో వండిన మాంసం అంటే ప్రాణం. దాని బీజాలూ ఉడుకుకు చావవు. 43 నుంచి 47 డిగ్రీల మధ్య అది 10 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. గాలి లేని చోటే దానికి ఇష్టం, దమ్ము పెట్టిన పాత్ర అడుగున అచ్చంగా అదే ఉంటుంది. ఇప్పుడు చల్లారే లెక్క చూడండి. గట్టి ముద్దగా ఉన్న పదార్థం చల్లారడానికి పట్టే సమయం దాని మందంతో కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. 5 సెంటీమీటర్ల మందాన పళ్లెంలో పరిచిన బిర్యానీ, 40 సెంటీమీటర్ల ఎత్తున డేగిసాలో ఉన్న బిర్యానీ: మందం 8 రెట్లు, సమయం సుమారుగా 64 రెట్లు. పైన చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. మధ్యలో తెల్లవార్లూ సరిగ్గా ఆ బ్యాక్టీరియాకు కావలసిన వేడే ఉంటుంది. అమెరికా ఆహార నియమావళి వండిన తిండిని 57 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో, మొత్తం 6 గంటల్లో 5కి దించమంటుంది. డేగిసాను అలాగే వదిలేస్తే అది జరిగే పని కాదు. వెడల్పాటి పళ్లేల్లోకి రెండు మూడు అంగుళాల మందాన తీసి పరచాలి. సాంబారు, పాయసం లాంటివైతే పాత్రను చన్నీళ్ల తొట్టిలో పెట్టి కలుపుతూ ఉండాలి. వేడి పదార్థం ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని గంటల తరబడి బయట ఉంచేవాళ్లు చాలామంది. చిన్న గిన్నెల్లోకి తీసి, ఆవిరి తగ్గగానే పెట్టేయడమే మంచిది.

మన పాత వంటల్లో కొన్నిటికి ఈ లెక్క బాగా తెలుసు. పులిహోర ప్రయాణాలకు పనికొచ్చేది చింతపండు పులుపు వల్ల. పులుపు పెరిగేకొద్దీ బ్యాక్టీరియా పెరుగుదల మందగిస్తుంది. ఆవకాయలో ఉప్పు, నూనె, పులుపు మూడూ కలిసి కాపలా కాస్తాయి. రాత్రి అన్నంలో పాలు పోసి తోడు పెట్టుకునే పద్ధతిలో మంచి బ్యాక్టీరియాకు ముందుగా చోటు దొరుకుతుంది, అది పులుపు పుట్టిస్తుంది. అయితే ఇవి ప్రమాదాన్ని తగ్గిస్తాయి, రద్దు చేయవు. పులుపు చాలని పులిహోర, రోజంతా కారు డిక్కీలో ఎండకు ఉన్న పెరుగన్నం సురక్షితమని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తిన్న ఎన్ని గంటలకు?

జబ్బు చేయగానే ఆఖరున తిన్నదాని మీద నేరం మోపడం మన అలవాటు. చాలాసార్లు ఆ తిండి నిర్దోషి. తిన్న అరగంట నుంచి 6 గంటల్లోపు వాంతులు ముంచుకొస్తే, తిండిలో ముందే తయారైన విషాన్ని అనుమానించాలి. అంటే స్టాఫిలోకాకస్, లేదా అన్నంలోని బాసిల్లస్. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. 1975 ఫిబ్రవరిలో అలాస్కాలో భోజనం ఎక్కించుకున్న ఒక జపాన్ విమానంలో 197 మంది ఇలాగే పడిపోయారు, 144 మందిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. వంటవాడి వేళ్ల మీద పుండ్లున్నాయి. చేతికి పుండు ఉన్నవాళ్లను వంటకు దూరంగా ఉంచమనేది అందుకే.

8 నుంచి 16 గంటలకు కడుపు మెలిపెట్టి, వాంతులు పెద్దగా లేకుండా విరేచనాలు పడితే పెర్ఫ్రింజెన్స్ మీద, బాసిల్లస్‌లోనే మరో రకం మీద అనుమానం. రాత్రి పెళ్లి భోజనం తిన్నవాళ్లకు మర్నాడు పొద్దున మొదలవుతుంది, పాపం పొద్దున తిన్న ఇడ్లీ మాట పడుతుంది. 6 గంటల నుంచి 3 రోజుల మధ్య జ్వరంతో వస్తే సాల్మొనెల్లా కావచ్చు. అది 4 నుంచి 7 రోజులు ఉంటుంది. క్యాంపైలోబ్యాక్టర్‌కు 2 నుంచి 5 రోజులు, విషం వదిలే ఈ-కొలైకి సాధారణంగా 3, 4 రోజులు. లిస్టీరియాకు వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి 70 రోజుల దాకా. దక్షిణాఫ్రికాలో 2017-18లో లిస్టీరియా 1,060 మందికి సోకి 216 మందిని బలిగొంది. తిన్నప్పటికీ జబ్బుకీ మధ్య అంత దూరం ఉండబట్టే, అది పోలోనీ అనే సాసేజ్ మాంసం నుంచి వస్తోందని తేల్చడానికి అంతకాలం పట్టింది. గర్భిణులకు ఇది గర్భంలోని బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

నిమిషాల్లోనే పడిపోతే మాత్రం బ్యాక్టీరియా కాదు, రసాయనం అనుకోవాలి. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలను చంపింది వంటలో కలిసిన పురుగుమందు. అలాంటప్పుడు ఇంట్లో చేయగలిగిందేమీ లేదు, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయి, పదుల మంది ఆస్పత్రి పాలయ్యాక తెలంగాణ ప్రభుత్వం ఆ నెల 30న పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023లోనే ఆ పని చేసింది, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో చేసింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండే అవకాశం తక్కువే. కానీ వందల గుడ్లు ఒకే పాత్రలో కొట్టినప్పుడు ఒక్క చెడ్డ గుడ్డు చాలు. ఆ పైన వంట లేదు, మధ్యాహ్నం చేసింది రాత్రి 11 దాకా బండి మీద ఉంటుంది. అంకెల ప్రకారం చూస్తే ఆ నిషేధం సరైందేనని నా అభిప్రాయం.

పసిబిడ్డల విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం మన దగ్గర ఇంకా ఉంది. తేనెలో బొట్యులిజం కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తలేవు, ఏడాదిలోపు బిడ్డల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబరిచే విషం వదలగలవు. 12 నెలలు నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు.

నీరు ఒక్కటే మందు అయినప్పుడు

వాంతులు విరేచనాల్లో ప్రాణం తీసేది చాలాసార్లు బ్యాక్టీరియా కాదు, ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పూ. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన బొంగావ్ శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాల రేటు 3.6 శాతానికి పడిపోయింది. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఆయన పేరు మన బడి పుస్తకాల్లో ఉండాల్సింది.

ఆ కిటుకు పేగు గోడలో ఉంది. విరేచనాల సమయంలో కూడా గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి పోయే ద్వారాలు పనిచేస్తూనే ఉంటాయి. వాటి వెంట నీరు పోతుంది. జంట కుదరాలంటే పాళ్లు కుదరాలి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5, మొత్తం 20.5 గ్రాములు. చక్కెర ఎక్కువైతే అది పేగులోకే నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులు, డబ్బా పళ్లరసాలు పనికిరానిది అందుకే. ఓఆర్‌ఎస్ అనే పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు మందుల షాపుల్లో అమ్ముడుపోవడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్ 14న దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి.

కలపడంలో పొరపాటు మందును చెరుపుతుంది. 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీటికి. దాన్ని గ్లాసు నీళ్లలో వేస్తే ఉప్పు నాలుగైదు రెట్లవుతుంది, పసిపిల్లలకు అది ప్రమాదం. అలాగని ప్యాకెట్‌లో కొంచెం పొడి తీసి గ్లాసులో వేయడమూ సరికాదు, పాళ్లు తప్పుతాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లు కొలిచి, ప్యాకెట్ మొత్తం వేసి, 24 గంటల్లో వాడి మిగిలింది పారబోయాలి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, ఒక్కడికే అయితే అవి సులువు. అర్ధరాత్రి ఏ ప్యాకెట్టూ లేకపోతే లీటరు నీటికి పైకి పోగు పడకుండా చదునుగా కొలిచిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ కూడా మేలే. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. పక్కన ఇవ్వొచ్చు, ఓఆర్‌ఎస్‌కు బదులుగా కాదు.

ఎంత తాగించాలి? రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, 2 నుంచి 10 ఏళ్ల వాళ్లకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు తాగగలిగినంత. ఇప్పటికే కళ్లు గుంటలు పడి, నోరెండి ఉంటే డాక్టర్లు ఇచ్చే కొలత బరువును బట్టి: కిలోకు 75 మిల్లీలీటర్లు, 4 గంటల్లో. 10 కిలోల బిడ్డకు 750. తాగింది కక్కేస్తోందని చాలామంది తల్లులు మానేస్తారు. 10 నిమిషాలు ఆగి చెంచాతో మొదలుపెట్టాలి. చెంచాకు 5 మిల్లీలీటర్లు, నిమిషానికో చెంచా అనుకుంటే 150 చెంచాలు, రెండున్నర గంటల ఓపిక. ఆ ఓపికే చాలాసార్లు సెలైన్ అవసరం లేకుండా చేస్తుంది. పిల్లలకు దీంతోపాటు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపైతే 10, డాక్టరు చెప్పినట్టు 10 నుంచి 14 రోజులు. తల్లిపాలు ఆపొద్దు. తిండి మాన్పించి కడుపు కాల్చడం పాత పద్ధతి, అది నీరసాన్ని పెంచుతుందే తప్ప జబ్బును తగ్గించదు. మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు పెట్టొచ్చు.

విరేచనాలు కట్టేసే మాత్ర, దానికి తోడు ఒక యాంటీబయాటిక్. మందుల షాపు వాడు అడగకుండానే ఇచ్చే జోడీ ఇది. రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా కట్టే మాత్ర వేయకూడదు, చిన్నపిల్లలకు అసలే వద్దు. బయటికి పోవాల్సిన విషం లోపలే ఉండిపోతుంది. విషం వదిలే ఈ-కొలై అయితే యాంటీబయాటిక్ వల్ల మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు పెరగవచ్చని వైద్యులు హెచ్చరిస్తారు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయే చాలా కేసుల్లో దాని అవసరమే లేదు. అవసరమైన కేసులూ ఉంటాయి, ఏవో చెప్పాల్సింది పరీక్షించిన డాక్టరు.

ఆస్పత్రికి ఎప్పుడు? మలంలో రక్తం, 102 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, చుక్క నీరు నిలవని వాంతులు, 3 రోజులు దాటిన విరేచనాలు. బిడ్డ 6 నుంచి 8 గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మత్తుగా పడి ఉన్నా, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే 2 సెకన్లలో యథాస్థానానికి రాకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు. వస్తువులు రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా, కండరాలు పట్టు తప్పినా బొట్యులిజం కావచ్చు, అక్కడ గంట కూడా ఎక్కువే. గర్భిణులు, 65 దాటినవాళ్లు, షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండా ముందే వెళ్లాలి.

హాస్టల్లోనో ఫంక్షన్‌లోనో పదిమంది ఒకేసారి పడిపోతే, ఆ రోజే చేయాల్సిన పనులున్నాయి. మిగిలిన తిండిని పారబోసి, పాత్రలు కడిగేయడం మొదట జరిగే తప్పు. శుభ్రమైన మూత డబ్బాల్లో కొంచెం కొంచెం తీసి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎవరు ఏం తిన్నారు, ఏం తినలేదు, ఎన్నింటికి జబ్బు మొదలైంది అని కాగితం మీద రాయాలి. జబ్బు చేయనివాళ్లనూ అడగాలి, లైకమింగ్‌లో ఐస్‌క్రీమ్‌ను పట్టించింది వాళ్ల సమాధానాలే. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఒక వార్డెన్, ఒక పెన్ను చాలు. మన హాస్టల్ వార్తల్లో సాంబారే కారణమనో, నీళ్లే కారణమనో రాస్తారు కానీ ఇలాంటి పట్టిక నాకు దాదాపు ఎప్పుడూ కనబడలేదు. అది లేకుండా వంటమనిషిని సస్పెండ్ చేయడం పిల్లలకు న్యాయం చేయడం కాదు. 500 మందికి తెల్లవారుజామున 3 గంటలకు వండించి 8కి వడ్డించే పద్ధతిలోనే 5 గంటలున్నాయి. ప్రతి పాత్ర మీద పొయ్యి దించిన సమయం రాసిన చీటీ ఉండాలని అధికారులు పట్టుబడితే, తనిఖీలతో కాని పని ఆ చీటీ చేస్తుంది.

ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2100. 2006 ఆహార భద్రతా చట్టం 59వ సెక్షన్ ప్రకారం హానికర ఆహారం వల్ల ప్రాణం పోతే 7 ఏళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పెరగొచ్చు, 10 లక్షలకు తగ్గని జరిమానా. 65వ సెక్షన్ కింద మృతుల కుటుంబానికి 5 లక్షలకు తగ్గని పరిహారం, తీవ్ర హానికి 3 లక్షల వరకు, మిగతా వాటికి లక్ష వరకు. ఇవన్నీ రుజువు మీద ఆధారపడ్డవి. ఆ రుజువు ఆ డబ్బాల్లో, ఆ కాగితం మీద ఉంటుంది.

కోలుకున్నాక వంటింట్లోకి ఎప్పుడు వెళ్లొచ్చంటే, ఆఖరి వాంతి లేదా విరేచనం అయిన 48 గంటల తర్వాత. ఇంట్లో వండే అమ్మకైనా, హోటల్లో వండే మాస్టరుకైనా ఇదే లెక్క. ఆ రెండు రోజులు వంట ఇంకెవరైనా చేయాలి, మాస్టరుకు ఆ రెండు రోజుల కూలి యజమాని ఇవ్వాలి. కూలి కోసేస్తే అతను జబ్బు దాచుకుని పనిలోకి వస్తాడు.